తోడు పోయాక మళ్ళీ తోడు వెతుక్కోవడం తప్పా?

 



ఈసారి మనం మాట్లాడుకోబోయే విషయం విహారంలో ఎవరూ నోరు విప్పి మాట్లాడనిది. వందనం అయిపోయాక గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ మాత్రం గుసగుసగా చాలా మాట్లాడతాం. భర్త పోయిన ఆమె గానీ, భార్య పోయిన ఆయన గానీ మళ్ళీ ఒక మనిషితో స్నేహం చేస్తే, రాత్రిపూట ఫోన్లో నాలుగు మాటలు మాట్లాడుకుంటే, అది పెళ్లి దాకా వస్తే తప్పా? పోయిన మనిషికి అది ద్రోహమా? ధమ్మం తీసుకున్నవాళ్ళు ఇలాంటి కోరికను తృష్ణ అనుకుని అణిచేసుకోవాలా?

ముందు మన వాడల్లో జరిగేది చూడండి. నలభై ఐదేళ్ళ మగాడికి భార్య పోయింది. దినం కాకముందే పెద్దమ్మలు, మేనత్తలు మొదలుపెడతారు. "పిల్లల్ని ఎవరు చూస్తారురా? నీకింత ముద్ద ఎవరు వండి పెడతారు?" ఏడాది తిరక్కుండా సంబంధం కుదురుతుంది. ఎవరూ నవ్వరు. అదే ముప్పై ఆరేళ్ళ ఆమెకు భర్త పోయాడనుకోండి. ఆ పెద్దమ్మలే, ఆ మేనత్తలే వచ్చి "పిల్లల మొహం చూసుకుని బతకమ్మా" అంటారు. రెండేళ్ళ తర్వాత ఆమె బస్టాండులో ఎవరితోనో టీ తాగుతూ కనబడితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. చావు ఒకటే, దుఃఖం ఒకటే, తీర్పులు మాత్రం రెండు.

ఈ రెండు తీర్పులు ఎక్కడ్నుంచి వచ్చాయో బాబాసాహెబ్ 1916లోనే విప్పి చెప్పారు. అప్పుడాయనకు ఇరవై ఐదేళ్ళు. ఆ ఏడాది మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ సెమినార్లో, భారతదేశంలో కులాల గురించి వ్యాసం చదివారు. కులానికి ప్రాణం ఎక్కడుందంటే సొంత కులంలోనే పెళ్లి అనే కట్టుబాటులో ఉందని ఆయన తేల్చారు. ఆ కట్టుబాటు నిలవాలంటే కులంలో పెళ్లీడు ఆడవాళ్ళు, మగవాళ్ళు లెక్కకు సరిపోవాలి. భర్త చచ్చిపోతే భార్య ఆ లెక్కలో మిగులు. ఆమె బయటి కులం మనిషిని చేసుకుంటే గోడ కూలుతుంది. లోపలి మనిషినే చేసుకుంటే పెళ్లికాని పిల్లకు వరుడు తగ్గుతాడు. అందుకని ఆమెను భర్తతోపాటు కాల్చేయాలి, లేదా బతికినన్నాళ్ళు వితంతువుగా కట్టిపడేయాలి. భార్య చచ్చిపోతే మగాడూ మిగులే. కానీ మగాడిని కాల్చరు, వాడితో పని ఉంది, పెత్తనం వాడిదే. వాడిని సన్యాసంలో ఉంచడమూ కష్టమే. కాబట్టి ఇంకా పెళ్లీడు రాని చిన్నపిల్లను తెచ్చి కట్టబెట్టాలి. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం, ఈ మూడూ ఒక్క వేరు నుంచి మొలిచినవేనని ఆయన వాదన. వీటిని పొగిడే మాటలన్నీ తర్వాత పుట్టాయి, ముందు పుట్టింది కులం అవసరం.

ఈ వ్యాసం మన పిల్లలు పరీక్షల కోసం చదువుతారు. మన ఇళ్ళలో వితంతువుకు ఆ వ్యాసంతో ఉన్న సంబంధం మాత్రం మనం ఆలోచించం. "పిల్లల మొహం చూసుకుని బతుకు" అనే మాట ప్రేమతో అన్నట్టే ఉంటుంది, అనే పెద్దమ్మకు ప్రేమ ఉండే ఉంటుంది కూడా. కానీ ఆ మాట మనది కాదు. మన తాతముత్తాతల్లో మారుమనువు ఉండేది. ఆ మాట తెలుగులో ఉండటమే సాక్ష్యం. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు అది పై కులాలకు పెద్ద విప్లవం. మన వాడల్లో అదే పని ఏ సంస్కర్తా లేకుండా పెద్దల సమక్షంలో జరిగిపోయేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1856లో తెచ్చిన వితంతు పునర్వివాహ చట్టం మంచి చట్టమనే మనకు స్కూల్లో చెప్పారు. అందులో రెండో సెక్షన్ ప్రకారం మళ్ళీ పెళ్లి చేసుకున్న వితంతువు మొదటి భర్త ఆస్తిపై హక్కు కోల్పోతుంది. అంతకుముందు నుంచే మారుమనువు ఆచారం ఉన్న కులాల ఆడవాళ్ళకూ ఇది వర్తిస్తుందని చాలా హైకోర్టులు తీర్పులిచ్చాయి. అంటే ఎవరికి ఆ చట్టంతో పని లేదో వాళ్ళ ఆస్తికీ దెబ్బ తగిలింది. ఆ పైన మనవాళ్ళకు నాలుగు ఉద్యోగాలు, రెండు డాబాలు వచ్చేసరికి "మారుమనువు మా ఇంటావంటా లేదండీ" అనడం గౌరవమైపోయింది. ఎవరి గౌరవం అది? బట్టలు మారాయి, భాష మారింది, మనువు మాత్రం ఇంట్లోకి వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మనం 22 ప్రతిజ్ఞలు తీసుకున్నాం. శ్రాద్ధం పెట్టం, పిండప్రదానం చేయం అని చెప్పాం. చెప్పినట్టే కాకికి ముద్ద పెట్టడం మానేశాం, సంతోషం. మరి పదకొండో రోజున ఆమె గాజులు ఎందుకు పగలగొడుతున్నాం? బొట్టు ఎందుకు చెరిపేస్తున్నాం, మెట్టెలు ఎందుకు లాగేస్తున్నాం? పిండం వద్దని, ముండమోయించడం మాత్రం ఉంచుకున్నాం. పిండం మానడం తేలికే, అది చచ్చినవాడికి సంబంధించింది. గాజులు బతికున్న ఆడదానికి సంబంధించినవి. ఆమె మీద అధికారం వదులుకోవడం మనకు కష్టమైంది, అంతే.

ఇక బాబాసాహెబ్ జీవితమే చూద్దాం. రమాబాయి తల్లి 1935 మే 27న కన్నుమూశారు. ఆ తర్వాత పదమూడేళ్ళ పాటు ఆయన ఒంటరిగా ఉన్నారు. మళ్ళీ పెళ్లి వద్దనే అనుకున్నారు. 1948 నాటికి మధుమేహం, నరాల నొప్పులు బాగా ముదిరాయి. ఆ మార్చిలో భావురావ్ గైక్వాడ్‌కు రాసిన ఉత్తరంలో తన ఆలోచన ఎందుకు మార్చుకోవలసి వచ్చిందో చెప్పుకున్నారు. కనిపెట్టుకుని ఉండే మనిషి లేకపోతే బతకడం కష్టమని డాక్టర్లన్నారు. నర్సునో, ఇల్లు చూసే ఆడమనిషినో పెట్టుకుంటే లోకం నానా మాటలంటుంది. దానికన్నా పెళ్లే దారి అనుకున్నారు. 1948 ఏప్రిల్ 15న, యాభై ఏడేళ్ళు నిండిన మర్నాడు, ఢిల్లీలో తన ఇంట్లోనే డాక్టర్ శారదా కబీర్‌ను రిజిస్టర్ వివాహం చేసుకున్నారు. ఆమే సవితా అంబేడ్కర్, మాయి సాహెబ్. పుట్టుకతో సారస్వత బ్రాహ్మణ స్త్రీ. అనుచరుల్లో చాలామందికి ఈ పెళ్లి మింగుడు పడలేదు. ఆయన దాచలేదు, సంజాయిషీలు చెప్పుకుంటూ తిరగనూ లేదు.

ఇక్కడ రెండు పుస్తకాలు గుర్తు చేస్తాను. పాకిస్తాన్ సమస్య మీద రాసిన పుస్తకాన్ని ఆయన రమాబాయి జ్ఞాపకానికి అంకితం ఇచ్చారు. పదహారేళ్ళ తర్వాత, 1956 మార్చిలో, "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో తనను ఇంతకాలం బతికించినందుకు భార్య సవితకు, డాక్టర్ మాల్వంకర్‌కు కృతజ్ఞత చెప్పారు. ఆ ముందుమాట మొదటి ముద్రణలో రాలేదు, అది వేరే కథ. ఒకే మనిషి, ఒకే చెయ్యి, ఇద్దరి గురించీ రాసింది. రెండో మాట మొదటి మాటను చెరిపేసిందా? రమాబాయిని మనం తల్లి అని పిలవడం మానేశామా? పోయినవాళ్ళ మీద ప్రేమ, ఉన్నవాళ్ళ మీద ప్రేమ ఒకే జీతంలోంచి కోసి ఇచ్చేవి కావు, ఒకరికి ఇస్తే ఒకరికి తగ్గడానికి.

ఇదే చోట ఇంకో ప్రశ్న కూడా ఉంది. బాబాసాహెబ్ పరినిర్వాణం నాటికి మాయి సాహెబ్‌కు నలభై ఏడేళ్ళు. 2003 మేలో పోయేవరకు, నలభై ఆరేళ్ళకు పైగా, ఆమె వితంతువుగానే ఉన్నారు. ఆ కాలంలో ఆమె మీద పడ్డ నిందలు మనకు తెలుసు. ఆయనకు తోడు అవసరమైందని అర్థం చేసుకున్న మనం, ఆమె ఒంటరితనం గురించి ఎన్నడైనా అనుకున్నామా? సమాధానం కోసం అడగడం లేదు, మన చూపు ఎటువైపు ఉంటుందో చూసుకోమని అడుగుతున్నాను.

విహారంలో చదువుకున్న వాళ్ళు లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది. అది గట్టిదే, దాటేయకూడదు. అంగుత్తర నికాయంలో నకులమాత కథ ఉంది. భగ్గ దేశంలో సుంసుమారగిరి దగ్గర నకులపిత అనే గృహస్థుడు చావు బతుకుల్లో ఉన్నాడు. భార్య నకులమాత పక్కన కూర్చుని, దిగులుతో ప్రాణం విడవొద్దని చెప్పింది. నేను పోతే ఇది పిల్లల్ని సాకలేదని నీకు బెంగ ఉందేమో, నాకు నూలు వడకడం వచ్చు, ఉన్ని దువ్వడం వచ్చు, నేను చూసుకుంటాను. నేను పోతే ఇది వేరే ఇంటికి వెళ్ళిపోతుందని బెంగ ఉందేమో, అలా జరగదు, మనం పదహారేళ్ళుగా బ్రహ్మచర్యంతో ఉన్నామని నీకూ తెలుసు. ఇలా ఆమె ఆరు విషయాలు చెప్పింది. ఆయన కోలుకున్నాడు. కర్ర పట్టుకుని బుద్ధుడి దగ్గరకు వెళ్తే, ఇలాంటి హితవు చెప్పే భార్య ఉండటం నీ అదృష్టమని బుద్ధుడు మెచ్చుకున్నాడు.

"చూశారా, మళ్ళీ పెళ్లి చేసుకోననే కదా ఆమె అంది, బుద్ధుడు మెచ్చుకున్నాడు కదా" అంటారు. అన్నమాట నిజమే. అయితే ఎవరు అన్నారో చూడండి. నకులపిత అడగలేదు, బుద్ధుడు ఆజ్ఞాపించలేదు, కులపెద్దలు రాలేదు. ఆమె తన స్థితిని తాను చెప్పుకుంది. వాళ్ళిద్దరూ అప్పటికే పదహారేళ్ళుగా అలా బతుకుతున్నారు, ఆమెకు అది కొత్త త్యాగం కాదు. బుద్ధుడు మెచ్చింది ఆమె వైధవ్యాన్ని కాదు, ఆయన ఇంకా బతికే ఉన్నాడు కదా! పోతున్న మనిషి గుండెల మీద నుంచి బరువు దించిన తెలివిని మెచ్చాడు. సూత్రానికీ నియమానికీ తేడా చూడమని బాబాసాహెబ్ అహింస గురించి రాస్తూ చెప్పారు. నియమం మనిషిని కట్టేస్తుంది, సూత్రం ఆలోచించి నడిచే వీలు ఇస్తుంది. నకులమాత నుంచి తీసుకోవలసిన సూత్రం, పోయేవాళ్ళ దిగులు తీర్చమని. దాన్ని "విధవ పెళ్లి చేసుకోకూడదు" అనే నియమంగా మార్చింది మనం.

ఆ సూత్రాన్ని ఇటునుంచి అటు తిప్పి చూడండి. క్యాన్సర్ వార్డులో పడుకున్న భర్త భార్యతో "నా తర్వాత ఒంటరిగా ఉండిపోకు, మంచివాడు దొరికితే ఆలోచించు" అంటే, అతనూ బరువు దించినట్టే. కొందరు ఇందుకు విరుద్ధంగా చేస్తారు. చెయ్యి పట్టుకుని "మళ్ళీ పెళ్లి చేసుకోనని ఒట్టేయ్" అంటారు. ఆ క్షణంలో ఎవరు కాదనగలరు? ఒట్టేస్తారు. ఐదేళ్ళు గడిచాక ఆ ఒట్టు గొంతులో ముల్లులా ఉండిపోతుంది. దాన్ని ఏం చేయాలి?

మాట తప్పడం చిన్న విషయం కాదు, నాలుగో శీలం మాటకు సంబంధించిందే. కానీ కాదనే వీలులేని చోట తీసుకున్న మాట, సంకెల వేసి పెట్టించుకున్న సంతకం లాంటిది. ఇంకా లోతుగా చూస్తే, ఆ మాట తప్పితే ఎవరికి నొప్పి? మనం ఆత్మను నమ్మం. పైనుంచి చూస్తూ ఏడ్చే భర్త లేడు. పోయినవాళ్ళకు మనం నిజంగా బాకీ ఉన్నవి వేరే ఉన్నాయి. వాళ్ళ గురించి అబద్ధాలు చెప్పకపోవడం. వాళ్ళు కన్న పిల్లల్ని మనుషుల్ని చేయడం. వాళ్ళు చేసిన అప్పు తీర్చడం. వాళ్ళు సగంలో ఆపిన మంచి పని ఉంటే ముందుకు తీసుకెళ్ళడం. ఈ బాకీలు ఎగ్గొట్టి, బోసి నుదురుతో ముప్పై ఏళ్ళు కూర్చున్నా పోయినవాళ్ళకు ఒరిగేది ఏమీ లేదు. ఈ బాకీలు తీరుస్తూ ఇంకొకరి చెయ్యి పట్టుకుంటే పోయేదీ లేదు. నా మటుకు నాకు ఆ ఒట్టు కట్టదు.

తృష్ణ సంగతి మిగిలింది. తోడు కోరుకోవడం తృష్ణ కాదా అంటారు. భిక్షువు దారి వేరు, ఉపాసకుడి దారి వేరు. ఉపాసకులకు బుద్ధుడు సంసారం వద్దనలేదు. సిగాలుడికి చెప్పిన సుత్తంలో భార్యను గౌరవించాలి, చులకన చేయకూడదు, మోసగించకూడదు, ఇంటి పెత్తనం ఆమెకు ఇవ్వాలి అని భర్త బాధ్యతలు లెక్కపెట్టి చెప్పాడు. మూడో శీలం అడ్డుకునేది మరొకరి కాపురంలో చేరడాన్ని, బలవంతాన్ని, మోసాన్ని. చావుతో ముగిసిన కాపురాన్ని కాదు. థేరీగాథల్లో ఇసిదాసి తన కథ తాను చెప్పుకుంటుంది. మొదటి భర్త వద్దంటే తండ్రి రెండోసారి ఇచ్చాడు, తర్వాత మూడోసారి. ఆమె వితంతువు కాదు, ఆమె బాధ వేరే. కానీ ఆడపిల్లకు మళ్ళీ పెళ్లి అనేది పాలి సాహిత్యంలో నోరు మూసుకోవలసిన అపరాధంగా కనబడదని చెప్పడానికి ఇది చాలు.

అయితే హెచ్చరిక లేదని కాదు. సంయుత్త నికాయంలో రెండు బాణాల సుత్తం మనలో చాలామందికి తెలుసు. ఒంటికి తగిలేది మొదటి బాణం, మనసుకు మనమే గుచ్చుకునేది రెండోది. ఆ సుత్తంలోనే ఉన్న ఇంకో మాటను మనం పెద్దగా చెప్పుకోం. తెలియని మనిషి నొప్పి తగలగానే సుఖం వైపు పరుగెడతాడు, ఎందుకంటే నొప్పి నుంచి బయటపడే వేరే దారి వాడికి తెలియదు. భార్య పోయిన మూడో వారంలో ఫోన్లో పెళ్లిసంబంధాల యాప్ పెట్టుకునే మనిషి చేసేది తరచుగా ఇదే. సీసా ముందు కూర్చునే మనిషి చేసేదీ ఇదే. ఎదుటి మనిషి అతనికి మనిషి కాదు, నొప్పి మాత్ర. మాత్ర పనిచేయడం ఆగిపోయిన రోజు ఆమె గతేమిటి?

మరి ఎన్నాళ్ళు ఆగాలి అని అడుగుతారు. ధమ్మంలో గడువు లేదు. ఏడాది, మూడేళ్ళు అని లెక్క కట్టడం పంచాంగం పని. కిసాగోతమిని బుద్ధుడు ఫలానా రోజుకల్లా మరిచిపో అనలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పంపాడు, ఆమె ఇల్లిల్లూ తిరిగి తానే తెలుసుకుంది. మీరూ ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. పోయిన మనిషి పేరు కొత్త మనిషి ముందు తడబడకుండా చెప్పగలుగుతున్నారా? వాళ్ళ మంచీ చెప్పగలిగి, చెడూ చెప్పగలిగితే కొంత దారి నడిచినట్టు. మంచి మాత్రమే చెబుతుంటే కొత్త మనిషి రోజూ ఒక విగ్రహంతో పోటీపడాలి. ఆమెకు లేదా అతనికి ఆ శిక్ష ఎందుకు?

మగవాళ్ళతో ఒక మాట. 1882లోనే తారాబాయి షిండే మరాఠీలో "స్త్రీ పురుష్ తులన" రాసి, భార్య పోయిన మగాడికి లేని కట్టుబాటు భర్త పోయిన ఆడదానికి ఎందుకని నిలదీసింది. ఇప్పటికీ మనం చూసే సంబంధాల్లో చాలావరకు తోడు కోసం కాదు, వంట కోసం. యాభై ఏళ్ళ ఉద్యోగి, పేద ఇంటి పెళ్లికాని పిల్లను, కట్నం అక్కర్లేదనే మాట ఎరగా వేసి చేసుకోవడం బాబాసాహెబ్ చెప్పిన "మిగులు మగాడి" కథే, 2020ల వేషంలో. సాటి వయసున్న, తనలాగే తోడు పోయిన స్త్రీని ఎందుకు అడగరు? "ఆమెకు పిల్లలున్నారు" అంటారు. మీకు లేరా?

కులం సంగతి ఇంకా చేదు. మొదటి పెళ్లి అమ్మానాన్నలు చేశారు, మాల ఇంటివాళ్ళకు మాల సంబంధం, మాదిగ ఇంటివాళ్ళకు మాదిగ సంబంధం. సరే, అప్పుడు మన చేతిలో లేదు. రెండోది మన చేతిలోనే ఉంది. త్రిశరణాలు ఒకే నోటితో పలికినవాళ్ళం కూడా రెండోసారి అదే గడపల్లో వెతుక్కుంటున్నాం. కులానికి ప్రాణం పెళ్లిలో ఉందని 1916లో ఆయన చెప్పింది నిజమైతే, ఆ ప్రాణం తీసే అవకాశం తోడు పోయిన పెద్దవాళ్ళకు, పెళ్లికాని కుర్రాళ్ళ కన్నా ఎక్కువ ఉంది.

పిల్లల విషయంలో తొందర వద్దు. కొత్త మనిషిని "నాన్నా" అనమని బలవంతం చేయకండి, "అంకుల్" అన్నా "బాబాయ్" అన్నా ఇబ్బంది లేదు. ఎదిగిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే, కొత్తగా వచ్చే మనిషి గురించి ఆమె చెప్పే చిన్న ఇబ్బందిని కూడా కొట్టిపారేయకండి. తల్లి తోడు కన్నా పిల్ల భద్రత ముందు. ఇందులో బేరం లేదు.

పెద్దయిన కొడుకులు అడ్డం తిరిగితే మాత్రం పరువు మాట వెనక ఏముందో చూడండి. చాలాసార్లు అమ్మ పేరున ఉన్న ఇంటి పట్టా ఉంటుంది. బౌద్ధులకు కూడా వర్తించే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన భర్త సొంత ఆస్తిలో భార్యకు పిల్లలతో సమానంగా వచ్చిన వాటా పూర్తిగా ఆమెదే. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకున్నంత మాత్రాన అది పోదు. కొడుకుల భయం తీరాలంటే ఎవరికి ఏది అన్నది పెళ్లికి ముందే కాగితం మీద రాసుకోండి. ఫ్యామిలీ పెన్షన్ గానీ, వితంతు పింఛను గానీ వస్తుంటే పెళ్లితో అది ఆగుతుందేమో సంబంధిత ఆఫీసులో ముందే కనుక్కోండి. అది పోతుందని రిజిస్టర్ చేయించుకోకుండా కలిసి ఉండేవాళ్ళు ఉన్నారు, రేపు ఏదైనా జరిగితే నష్టపోయేది ఆమే. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ ముగ్గురూ విహారం నుంచి వెళ్ళండి.

చివరగా, అందరూ అడిగే చిన్న ప్రశ్న. పోయినవాళ్ళ ఫోటో హాల్లో ఉంచాలా, తీసేయాలా? దీనికి సుత్తం ఏదీ లేదు. ముందు పిల్లల్ని అడగండి, తర్వాత కొత్తగా వచ్చిన మనిషిని అడగండి. కొన్ని ఇళ్ళలో అది పిల్లల గదిలోకి వెళ్తుంది. కొన్ని ఇళ్ళలో రమాబాయి, బాబాసాహెబ్‌ల పటం పక్కన అక్కడే ఉంటుంది, కొత్తగా వచ్చిన ఆమే దాని దుమ్ము తుడుస్తుంది. దండ మాత్రం తీసేయండి, అది పూజగా మారకుండా.